చింపేసే పెట్టెకి ఇంత సింగారమా?

చింపి పారెయ్యడానికే పుట్టే వస్తువు లోకంలో ఏదైనా ఉందా అంటే, నేను ముందుగా కానుక పెట్టె పేరే చెబుతాను. రంగు కాగితం కొని, కొలతలు వేసి, కత్తిరించి, మడిచి, అంటించి, పైన రిబ్బను ముడేసి, ఆ ముడిని పువ్వులా విప్పదీసి ముచ్చటగా ఓ పెట్టె చేస్తాం. పుచ్చుకున్నవాళ్ళు "లోపలేముందో!" అంటూ ఒక్క లాగు లాగుతారు. అంతే సంగతులు. లోపలి వస్తువు చేతుల్లోకి, పెట్టె చెత్తబుట్టలోకి.

"ఆ మాత్రానికి అంత శ్రమెందుకు? బజార్లో రెడీమేడ్ సంచులు దొరకటం లేదూ?" అని అడిగేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. సాధారణంగా పేపరు చదువుకుంటూ, తల ఎత్తకుండా అడుగుతారు. అడిగిన తీరు ఎలా ఉన్నా ప్రశ్న మాత్రం కొట్టిపారెయ్యదగ్గది కాదు. కాస్త విప్పి చూస్తే ఇందులో మూడు ప్రశ్నలున్నాయి. నిలవని వస్తువు మీద పెట్టిన శ్రమ వృథాయేనా? లోపలిదాన్ని దాచి పైన సింగారించడం ఒక రకం మోసం కాదా? ఈ చేతి శ్రమకి విలువ కట్టాలా, అక్కర్లేదా?

విశాఖపట్నంలో ఈ సరదా ఉన్నవాళ్ళకి పుట్టిల్లు లాంటిది పూర్ణా మార్కెట్. కూరలకనీ, పూలకనీ, పచారీ సరుకులకనీ బయల్దేరిన మనిషి, పక్క సందుల్లో ఫ్యాన్సీ దుకాణాల ముందుకొచ్చేసరికి కాళ్ళకి బంధం వేసినట్టు నిలబడిపోతుంది. గ్లేజు కాగితాలు, క్రేపు కాగితాలు, జరీ అంచులు, చమ్కీలు, పూసలు, అద్దం బిళ్ళలు. వినాయక చవితికి ఓ రంగు హడావిడి, దీపావళికి ఓ రంగు, క్రిస్మస్‌కి నక్షత్రాలు. ఇంటికొచ్చి సంచీ బోర్లిస్తే పచ్చిమిరపకాయలతో పాటు కాగితం చుట్టలు కూడా దొర్లుతాయి. "ఇవెందుకు?" అంటే, "మరిదిగారి అమ్మాయి పుట్టినరోజు రాబోతోందిగా" అని సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఎవరిదో ఒకరి పుట్టినరోజు ఎప్పుడూ రాబోతూనే ఉంటుంది కదా!

తెలియనివాళ్ళ కోసం పెట్టె సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. 20 సెంటీమీటర్ల చదరపు కాగితం తీసుకోండి. మూల నుంచి మూలకి మడిచి విప్పితే నడిమధ్య ఎక్కడో తెలుస్తుంది. నాలుగు మూలల్నీ ఆ మధ్యకి తెచ్చి మడవండి. వచ్చిన చిన్న చదరంలో ఎదురెదురు అంచుల్ని మధ్యగీతకి మడిచి విప్పండి. రెండోవైపూ అలాగే చెయ్యండి. ఆ మడతల మీద గోడల్ని లేపి నిలబెడితే, సుమారు 7 సెంటీమీటర్ల అడుగూ మూడున్నర సెంటీమీటర్ల ఎత్తూ ఉన్న పెట్టె వస్తుంది. జిగురు చుక్క అక్కర్లేదు. ఇది మూత. అడుగు పెట్టెకి మాత్రం పంతొమ్మిదిన్నర సెంటీమీటర్ల కాగితం తీసుకోవాలి. ఆ అర సెంటీమీటరూ తగ్గించకపోతే మూత పట్టదు, మరీ తగ్గిస్తే జారిపోతుంది. జపానువాళ్ళు దీన్ని 'మసు' అంటారు. వాళ్ళు బియ్యం కొలిచే చెక్క పాత్ర పేరు అది. మన తవ్వా, సోలా ఉన్నట్టన్నమాట.

ఇంకా పెద్ద పెట్టె కావాలంటే అట్ట తీసుకోవాలి. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో మడతగీత నొక్కి గీసుకోవాలి, లేకపోతే అట్ట విరుగుతుంది. బట్టకి నిలువు పోగూ అడ్డ పోగూ ఉన్నట్టే మిల్లు కాగితానికీ ఓ వాలు ఉంటుంది. వాలు వెంట మడిస్తే మడత నున్నగా వస్తుంది, అడ్డంగా మడిస్తే పెళుసుగా పగులుతుంది. జిగురుకి మైదాపిండి ఉడికిస్తే చాలు. పురుగు పట్టకుండా పాతకాలంలో అందులో మైలుతుత్తం కలిపేవారు. కానీ అది విషం. పిల్లలున్న ఇంట్లోనూ, తినే వస్తువులు పెట్టే పెట్టెకీ దాని జోలికి పోవద్దు.

ఇక ప్రశ్నల దగ్గరికి వద్దాం.

మొదటిది, వృథా సంగతి. పొద్దున్నే లేచి కల్లాపి చల్లి ముగ్గు పెడతాం. పాలవాడి సైకిలు చక్రం దాని మీంచే వెళుతుంది. పెళ్ళికూతురికి గంటల తరబడి పూలజడ కుడతాం. మర్నాటికి అది వాడి మూలన పడుతుంది. మట్టి వినాయకుణ్ణి తొమ్మిది రోజులు పూజించి మన చేతుల్తోనే నీళ్ళలో కలుపుతాం. ఇక వంట సంగతి చెప్పనే అక్కర్లేదు. నాలుగు గంటల పని పావుగంటలో ఖాళీ! వీటిలో దేన్నీ ఎవరూ వృథా అనలేదు. అనుంటే ఇళ్ళు ఇళ్ళుగా ఉండేవి కావు. నిలిచేదే విలువైనది అన్న లెక్క రాతిగుళ్ళకీ, ఆనకట్టలకీ పనికొస్తుంది. దినదినం సాగే బతుకుని ఆ కొలపాత్రతో కొలిస్తే అన్నమూ మిగలదు, పాటా మిగలదు.

అసలు చింపేస్తారని అనుకోవడం కూడా పూర్తిగా నిజం కాదు. మన ఇళ్ళలో పెట్టె అంత తేలిగ్గా చచ్చిపోదు. బిస్కెట్ల డబ్బా మూత తీస్తే సూదులూ దారాలూ ఉంటాయి. చీర కొన్న అట్టపెట్టెలో పిల్లల సర్టిఫికెట్లు ఉంటాయి. బాగా కుదిరిన కాగితం పెట్టె ఒకటి ఎవరి బీరువాలోనో చేరి, పాపాయి తొలి వెండి మొలతాడుకో, ఎవరో రాసిన పాత ఉత్తరాలకో ఇల్లవుతుంది. ఈ విశాఖ వైపే ఏటికొప్పాక ఉంది. 2022 నుంచి అది అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. అక్కడి పనివాళ్ళు అంకుడు కర్రని తరిణె పట్టి, లక్క రంగులద్ది చేసే కుంకుమ భరిణె తల్లి నుంచి కూతురికి వెళుతుంది. భరిణె నిలిచే పెట్టె, కాగితానిది నాలుగు నాళ్ళ ముచ్చట. అయితే రెండింటికీ మూత బిగువే ప్రాణం. పనివాడి శ్రద్ధ మూత దగ్గరే తెలిసిపోతుంది.

కాకపోతే వృథాకీ చెత్తకీ తేడా ఉంది. ముగ్గుపిండిని చీమలు తింటాయి, పూలజడ మట్టిలో కలుస్తుంది. పైన మెరిసే ప్లాస్టిక్ పొర మాత్రం ఎక్కడికీ పోదు. 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సామాన్లలో మిఠాయి పెట్టెల మీదా, శుభలేఖల మీదా చుట్టే పల్చటి పొర కూడా ఉంది. కనక మన పెట్టె మట్టిలో కలిసే పెట్టె అయితే ఎవరూ వేలెత్తి చూపక్కర్లేదు. మెరుపు కోసం సముద్రానికి అప్పు పెట్టొద్దు. పూర్ణా మార్కెట్ నుంచి సముద్రం ఎంతో దూరం లేదు!

రెండో ప్రశ్న కాస్త పదునైంది. పైన సింగారించడం మోసమా?

క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో చైనాలో హాన్ ఫెయి అనే తత్త్వవేత్త ఓ కథ చెప్పాడు. ఒక వర్తకుడు మంచి ముత్యం అమ్మదలచి, దానికి సువాసన చెక్కతో పెట్టె చేయించి, సుగంధద్రవ్యాల ధూపం వేయించి, మణులు పొదిగించి, ఈకలతో అలంకరించాడట. కొనడానికొచ్చినవాడు డబ్బిచ్చి, పెట్టె ఉంచుకుని, ముత్యం తిరిగిచ్చేశాడట! మాటల్లో అలంకారం ఎక్కువైతే అసలు సంగతి మరుగున పడుతుందని చెప్పడానికి చెప్పిన కథ అది. 1600లో అచ్చయిన షేక్స్‌పియర్ 'వెనిస్ వర్తకుడు' నాటకంలోనూ మూడు పెట్టెలున్నాయి. బంగారం, వెండి, సీసం. పోర్షియా బొమ్మ ఉన్నది సీసపు పెట్టెలో. పై మెరుపు చూసి ఎంచుకున్నవాళ్ళు భంగపడతారు.

కథలు బాగున్నాయి. అయితే ఇద్దరూ మాట్లాడింది అమ్మకం గురించో, పరీక్ష గురించో కానీ, కానుక గురించి కాదు. అమ్మేవాడు పెట్టె సింగారించేది ధర పెంచుకోవడానికి. ఇచ్చేవాళ్ళు సింగారించేది, ఎదుటివాళ్ళు లోపల ఏముందా అని ఎదురుచూసే ఆ అర నిమిషాన్ని కూడా వాళ్ళకే ఇవ్వడానికి. విశాఖ పోర్టులో దిగే ఇరవై అడుగుల ఇనుప పెట్టెలు చూడండి. లోపల ఏముందో జాబితా ముందే రాసి ఉంటుంది, రాయకపోతే నేరం. కాగితం పెట్టె లోపల ఏముందో ముందే చెప్పేస్తే ఇక ముచ్చటేముంది? దాచినవన్నీ మోసాలు కావు. ఎదుటివాడి నష్టం కోరి దాచితేనే మోసం.

అయినా ఓ హద్దు ఉండాలి. చిన్న రాగి ఉంగరానికి బంగారు రంగు పెట్టె, పెట్టెలో పెట్టె, అందులో మరో పెట్టె పెడితే, పుచ్చుకున్నవాళ్ళ ముఖంలో మొదట ఆశా, తర్వాత చిన్నబుచ్చుకోవడం, ఆ వెంటనే చిన్నబుచ్చుకోలేదన్నట్టు నవ్వడం, మూడూ మనమే వాళ్ళకి కల్పించినట్టవుతుంది. అది పాపం. పెట్టె వస్తువుకి సరిపోవాలి, మూత పెట్టెకి సరిపోయినట్టు.

బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరికి వెళ్ళారా? పూర్ణా మార్కెట్ ఉన్న పాతబస్తీలోనే ఉంది. మార్గశిర మాసం గురువారాల్లో ఇసకేస్తే రాలని జనం. ఊరంతా కొలిచే ఆ తల్లి పైన కప్పు లేదు. ఎండా వానా ఆమె మీదే. మధ్య ఎవరూ అడ్డులేకుండా ఎవరి పసుపు కుంకుమలు వాళ్ళే వేసి మొక్కుకోవచ్చు. కప్పూ పెట్టే అక్కర్లేని గొప్పతనం కొన్నింటికి ఉంటుంది. మరణవార్త విని వెళ్ళేటప్పుడూ, కష్టంలో ఉన్నవాళ్ళ చేతిలో పది రూపాయలు పెట్టేటప్పుడూ రిబ్బన్లు కట్టం. ఎక్కడ కట్టాలో తెలియడం ఎంత అవసరమో, ఎక్కడ కట్టకూడదో తెలియడం అంతకన్నా అవసరం.

కుచేలుడి అటుకులు గుర్తున్నాయి కదా? ఆ కథలో ఆ అటుకుల మూట ఎవరు కట్టారో మాత్రం మనం అంతగా పట్టించుకోం. మూల భాగవతంలో కుచేలుడి భార్యే ఇరుగుపొరుగుని అడిగి నాలుగు పిడికెళ్ళు తెచ్చి, పాత గుడ్డపీలికలో మూటకట్టి భర్తకిచ్చింది. ఆయన ద్వారక వైభవం చూసి సిగ్గుపడి దాచుకున్నాడు. కృష్ణుడు తనే లాక్కుని తిన్నాడు. ఆ గుడ్డపీలిక లోకంలోకెల్లా గొప్ప కానుక పెట్టె అని నాకనిపిస్తుంది. ఎందుకంటే ఇంట్లో లేనిది పుట్టించి, ఉన్న గుడ్డలో కట్టిన చెయ్యి అందులో ఉంది. ఆమె ద్వారక వెళ్ళలేదు, తన మూట ఎవరు విప్పారో చూడలేదు.

ఇక్కడే మూడో ప్రశ్న ఎదురవుతుంది. ఆ చేతి శ్రమకి విలువెంత?

కాగితం పుట్టిన చైనాలో అది రాతకన్నా ముందు వస్తువులు చుట్టడానికి పనికొచ్చింది. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నాటి కాగితం ముక్కలే అందుకు సాక్ష్యం. క్రీస్తుశకం 105లో త్సాయ్ లున్ కాగితం తయారీని బాగుచేశాడని చెబుతారు. అంటే కాగితానికి పెట్టెగా మారడం కులవృత్తి, పుస్తకంగా మారడం తర్వాత నేర్చుకున్న విద్య. మన పచారీ కొట్లో పాత పత్రికని రెప్పపాటులో శంఖంలా చుట్టి, ఆవాలు పోసి, మూతి మడిచి ఇచ్చే పొట్లం ఆ విద్యకి వారసురాలే. ఆ వేళ్ళ వేగం చూశారా? అందులో పదేళ్ళ సాధన ఉంటుంది. కానీ ఆ పొట్లానికి ఎవరూ "అబ్బ, ఎంత బాగా మడిచావు!" అనరు.

అలాగే చాలా ఊళ్ళలో మిఠాయి దుకాణాల అట్టపెట్టెలు మడిచేదీ, పెళ్ళిళ్ళ తాంబూలం సంచులు అంటించేదీ ఇళ్ళదగ్గరుండే ఆడవాళ్ళు. వందకింత, డజనుకింత అని ముట్టజెబుతారు. కాగితం వాళ్ళ వేళ్ళ చర్మాన్ని కోస్తుంది. కరెంటు వాళ్ళదే, జిగురు వాళ్ళదే, పక్కన కూర్చుని సాయం చేసే చిన్నపిల్లా వాళ్ళదే. అహమ్మదాబాదులో ఇలా ప్రశ్నించే ఇలా భట్ 1972లో 'సేవా' సంఘం పెట్టింది ఇటువంటి లెక్కకురాని శ్రమని లెక్కలోకి తేవడానికే. ఇళ్ళదగ్గర పని చేసేవాళ్ళు కూడా కార్మికులేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒడంబడిక చేసింది. దాని వెనక 'సేవా' పోరాటం ఉంది. మన దేశం మాత్రం ఆ ఒడంబడికని ఆమోదించి సంతకం పెట్టలేదు.

ఇప్పుడు ఒకే పని రెండు చోట్ల చూడండి. మనం సరదాగా మడిచిన పెట్టె "వెల కట్టలేనిది". ఆవిడ పొట్టకోసం మడిచిన అదే పెట్టె డజను వంద రూపాయలంటే, మనలో చాలామంది అరవైకి అడుగుతారు. "కాగితమే కదా!" అంటారు. డజనుకి వందంటే పెట్టెకి ఎనిమిది రూపాయల చిల్లర. అందులోంచి కాగితం ఖర్చు, రిబ్బను ఖర్చు, దుకాణం వాటా పోగా మిగిలేదే మడతకి దక్కిన కూలి. అప్పుడు ఆవిడ, "ఏటమ్మా, నువ్వొకటి మడిసి సూడు, ఎంతసేపు పడతాదో తెలుస్తాది" అంటే, ఆ మాటలో ధర్మశాస్త్రం మొత్తం ఉంది.

మరో వైపు నుంచి కూడా చూడాలి. చేతి శ్రమ ప్రేమ అన్నాం సరే. కానీ "నీకోసం మూడు రాత్రులు కూర్చుని చేశాను తెలుసా!" అని పదేపదే గుర్తుచేస్తే, ఆ పెట్టె కానుక కాదు, ప్రామిసరీ నోటు. పుచ్చుకున్న ఆడపడుచు పాపం దాన్ని చింపలేక, దాచలేక, మనం వచ్చినప్పుడల్లా అలమర మీదికి తీసి పెట్టలేక అవస్థ పడుతుంది. ఇచ్చిన చెయ్యి లెక్క మరిచిపోతేనే ఇచ్చినట్టు.

ఇలా అంటే ఓ మాట తప్పకుండా వస్తుంది. "మన శ్రమ లెక్క ఎప్పుడూ ఎవరూ కట్టరు. మళ్ళీ మనమే మరిచిపోవాలా?" అని. న్యాయమైన మాటే. నేను లెక్క కట్టకపోవడం వేరు, ఇంట్లోవాళ్ళు నా పనిని లెక్కలోకే తీసుకోకపోవడం వేరు. మొదటిది దానం, రెండోది దోపిడి. "అమ్మకి ఇవన్నీ సరదా" అని తేల్చేసి రాత్రి పదింటికి పాతిక తాంబూలం సంచులు ముందు పడేస్తే, అది అమ్మ సరదా కాదు, వాళ్ళ సౌకర్యం. అలాంటప్పుడు కత్తెర కింద పెట్టి, "రండి, తలా అయిదు మడుద్దాం" అనడంలో తప్పేమీ లేదు. పేపరు చదువుకునేవారికి కూడా కాగితంతో పరిచయం ఉన్నదేగా!

అన్నీ కలిపి చూస్తే నాకు తోచింది ఇంతే. పెట్టె మంచిదో చెడ్డదో తేల్చేది దాని మెరుపూ కాదు, ఆయుష్షూ కాదు. అందులో మడిచిపెట్టిన కాలం ఎవరిది, ఎలా వచ్చింది అన్నదే. మన కాలం మనం ఇష్టపడి ఇస్తే లెక్క చూసుకోకూడదు. అవతలి మనిషి కాలం మనం తీసుకుంటే పైసాతో సహా లెక్క చూడాలి. ఈ రెండు లెక్కలూ తారుమారు కావడం వల్లే లోకంలో సగం అన్యాయాలు జరుగుతున్నాయి. మన చిన్న త్యాగాన్ని పదిమందికీ చెప్పుకుంటాం, ఎదుటివాళ్ళ పెద్ద శ్రమని "కాగితమే కదా" అని తోసేస్తాం.

కనక ఈసారి పండక్కి చక్కగా పెట్టెలు చెయ్యండి. చింపేస్తారేమోనని బెంగపెట్టుకోకండి. ముడి మాత్రం తేలిగ్గా ఊడేలా వెయ్యండి, పుచ్చుకున్నవాళ్ళు పళ్ళతో కొరికే పని లేకుండా. ఓపిక లేకపోతే కొనండి, అందులోనూ తప్పు లేదు. పూర్ణా మార్కెట్లో కాగితం దగ్గర ఎంత బేరమైనా ఆడండి. మడిచిన పెట్టె దగ్గర మాత్రం అడిగినంతా ఇచ్చి రండి.